ఇంటి గ్రూపులో సైన్స్ వార్త పెడితే ఒక్కరూ పలకరు, రోకలి వీడియోకి మాత్రం నలభై దండాలు

గోదారిగట్టు
మా ఇంటిపేరు మీద ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. 64 మంది. తాతయ్య తమ్ముళ్ల మనవల దాకా అందరూ అందులోనే. రెండేళ్లుగా వారానికి రెండు మూడు సైన్స్ వార్తలు పెడుతున్నా. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ ఫొటోలు, కొత్త టీకాలు, శ్రీహరికోట ప్రయోగాలు, ఏదో ఒకటి. చదివి, నిజమో కాదో చూసుకున్నాకే పెడతా. నీలం టిక్కులు పడతాయి, అంతే. ఒక్కరూ నోరు విప్పరు.

మొన్న 2025 సెప్టెంబరు 7న చంద్రగ్రహణం. రాత్రి 11 నుంచి 12:22 దాకా సంపూర్ణం, మామూలు కంటితో చూడొచ్చు, ఏ అద్దాలూ అక్కర్లేదు అని రెండ్రోజుల ముందే రాశా. ఉలుకూ పలుకూ లేదు. గ్రహణం రోజు సాయంత్రం మా బాబాయి పళ్లెంలో పసుపు నీళ్లు పోసి రోకలి నిలబెట్టిన వీడియో పెట్టాడు. 'నాసాకి కూడా అంతుచిక్కని మన పూర్వీకుల విజ్ఞానం' అని కింద రాత. గంటలో నలభై దండాలు, పన్నెండు పువ్వులు. మా అత్తయ్య ఏడుపు బొమ్మ కూడా పెట్టింది, ఎందుకో తెలీదు.

ఉండబట్టలేక 'రోకలి మామూలు రోజున కూడా నిలబడుతుంది బాబాయ్' అని రాశా. గ్రూపంతా నిశ్శబ్దం. రాత్రి అమ్మ ఫోన్ చేసి 'పెద్దవాళ్లతో మాట్లాడే తీరు అదేనా' అని తలంటింది. మానేయమంటారా? లేక నేను పెట్టే పద్ధతిలోనే ఏదైనా తేడా ఉందా?

పుల్లట్టు
అత్తయ్యది ఏడుపు బొమ్మ కాదు, నవ్వి నవ్వి కళ్లనీళ్లొచ్చే బొమ్మ అయ్యుంటుంది. మా ఇంట్లో చావు కబురుకి కూడా అదే పెడతారు.

రాత్రిడ్యూటీ
మానెయ్. నేను 2021లోనే మానేశా. హాయిగా ఉంది.

రిటైర్డ్‌లెక్కలు
రోకలి సంగతి నేను స్వయంగా చేసి చూశాను. అప్పటికింకా సర్వీసులోనే ఉన్నా. 2022 అక్టోబరు 25న పాక్షిక సూర్యగ్రహణం వచ్చింది, టీవీల నిండా రోకళ్లే. ఆ గురువారం మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఇంటి నుంచి రోకలి తెప్పించి ఎనిమిదో తరగతిలో పెట్టాను. గ్రహణం లేదు, పసుపు నీళ్లూ లేవు. ఇద్దరు పిల్లలు పడేశారు. మూడో అమ్మాయి రెండు నిమిషాలు ఓపిగ్గా అటూ ఇటూ కదిపి నిలబెట్టి చేతులు తీసేసింది. అడుగున ఉండే ఇనప పొన్ను దంచి దంచి చదునైపోతుంది కదా, రోకలి బరువంతా ఆ చదును మధ్యకి వచ్చేలా చూసుకుంటే నిలబడుతుంది. అందులో కిటుకేం లేదు.

ఒకడు 'మరి గ్రహణం రోజే ఎందుకు నిలబెడతారు సార్' అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ వాడు 'మిగతా రోజుల్లో దాంతో పని ఉంటది కదరా' అన్నాడు.

పుల్లట్టు
ఆ వెనక బెంచీ వాడిని ఇస్రోకి పంపండి మాస్టారూ.

ఓరుగల్లు_రమ
గోదారిగట్టు, నువ్వు చెప్పిన మాట కరెక్టే, చెప్పిన జాగ తప్పు. 64 మంది ముంగట బాబాయి పరువు తీసినవ్. ఇగ ఎవరు ఇంటరు నీ మాట?

మా చిన్నాయన గూడ గంతే. 'ఈ రాత్రి 12:30 నుంచి 3:30 దాక కాస్మిక్ కిరణాలు పడుతయ్, ఫోన్లు బంద్ చేసి దూరం పెట్టుండ్రి' అని ఏడాదికి రెండుసార్లన్న పెడ్తడు. నేను గ్రూపుల ఏమనలే. ఫోన్ చేసి 'చిన్నాయనా, ఆ కిరణాలు అంతరిక్షం నుంచి ఇప్పుడు గూడ పడుతున్నయ్. అరచెయ్యి చాపితే సెకనుకు ఒకటి అటూ ఇటుగ దూరి పోతది, పగలు లేదు రాత్రి లేదు' అని చెప్పిన. మా చిన్నమ్మ చెప్తది, ఆ రోజంత చెయ్యి చాపి చూసుకుంట కూసున్నడట.

రాత్రిడ్యూటీ
ఆ కాస్మిక్ ఫార్వర్డు జోలికి మాత్రం పోకండి. ఫోన్ పక్కన పెట్టి మా ఆవిడ పెందరాళే పడుకునే రాత్రి అదొక్కటే.

సున్నాకిసున్న
రమగారితో నేను ఒప్పుకోను. అబద్ధం 64 మందికీ వెళ్లింది. దిద్దుబాటు ఒక్కడి చెవిలో చెబితే మిగతా 63 మంది సంగతేంటి?

మా అమ్మకి పదకొండేళ్లుగా షుగర్. 'చక్కెర వ్యాధికి ఇక శాశ్వత విముక్తి' అని ఒక వార్త మా గ్రూపులోకి వచ్చింది. రెండో పేరాలో శాస్త్రవేత్తల పొగడ్త, నాలుగో పేరా చివర్న 'ఎలుకల్లో' అని ఒకే ఒక్క ముక్క. అమ్మ హెడ్డింగ్ వరకే చదివింది. మాత్రలు అయిపోతే కొత్తవి తెప్పించుకోలేదు, 'ఆ మందేదో వచ్చేస్తోందటగా, ఇవెందుకింకా' అంది. తొమ్మిది రోజులకి నాకు తెలిసింది. అప్పటికి షుగర్ మూడొందల పైన ఉంది. ఆ వార్త పెట్టిన మా పెద్దనాన్న పరువు గురించి నేను ఆలోచించాలా?

ఓరుగల్లు_రమ
మందుల ముచ్చటైతే నువ్వన్నదే రైటు, ఆడ ఆగేది లేదు. గ్రూపులనే చెప్పాలె, అప్పటికప్పుడు. నేనన్నది రోకలి గురించి. రోకలి నిలబడితే ఎవ్వరి పానం పోదు కదా.

పుల్లట్టు
కాలి మీద పడకపోతే.

డల్లాస్‌మామ
ఇక్కడా అదే గోల. సముద్రాలు దాటినా ఫార్వర్డులు మారలేదు. మొన్న 2025 ఆగస్టులో 'ఈ నెలలో ఐదు శుక్రవారాలు, ఐదు శనివారాలు, ఐదు ఆదివారాలు, 823 ఏళ్లకోసారి మాత్రమే, పది మందికి పంపితే ధనలాభం' అని వచ్చింది. పంపినవాడు డేటా సైన్స్‌లో పని చేస్తాడండీ! 31 రోజులంటే నాలుగు వారాల మీద మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఐదేసి సార్లు రాక ఎక్కడికి పోతాయి? 2024 మార్చీ అంతే, 2026 మే కూడా అంతే. ఈ లెక్క రాసి పెడితే 'మామగారికి ధనలాభం వద్దంట' అన్నారు.

చుక్కలవీధి
నిజమైన వార్తే చేతులు మారే కొద్దీ ఎలా అబద్ధమవుతుందో నేను దగ్గర్నుంచి చూశా. 2003లో నేను విజయవాడలో డిగ్రీ. ఇంటర్నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులిచ్చి మెయిల్ చూసుకునే రోజులు. ఆ ఏడు ఆగస్టు 27న అంగారకుడు భూమికి దాదాపు 5.6 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. సుమారు 60 వేల ఏళ్లలో అంత దగ్గరికి రాలేదు. ఇదంతా నిజం. దాని మీద ఒక మెయిల్ తిరిగింది. అందులో '75 రెట్లు పెంచి చూపే టెలిస్కోపులో చూస్తే' అని ఒక లైను, 'మామూలు కంటికి పున్నమి చంద్రుడు ఎంత కనిపిస్తాడో అంత కనిపిస్తాడు' అని కింద ఇంకో లైను. అదీ నిజమే. ఆ రోజు ఆకాశంలో అంగారకుడు కనిపించే సైజు 25 ఆర్క్ సెకన్లు (ఒక్కో ఆర్క్ సెకను డిగ్రీలో 3600వ వంతు). 75తో గుణిస్తే 1875. చంద్రుడు సుమారు 1800. లెక్క కుదిరింది.

మెయిల్ చేతులు మారుతుంటే పై లైను రాలిపోయింది. మిగిలింది 'అంగారకుడు చంద్రుడంత కనిపిస్తాడు'. తర్వాత సంవత్సరం కూడా రాలిపోయింది. ఇక అప్పట్నుంచీ ప్రతి ఆగస్టు 27కీ ఆకాశంలో ఇద్దరు చంద్రులే. మా మేనమామ 2015లో పిల్లల్ని తీసుకుని అర్ధరాత్రి డాబా ఎక్కాడు. దోమలు కుట్టించుకుని దిగి 'మబ్బు పట్టిందిరా' అన్నాడు. మబ్బు లేదు.

రాత్రిడ్యూటీ
'మబ్బు పట్టిందిరా' 😂 మా ఇంటి పేరు ఇదే పెట్టుకుంటా.

కొబ్బరాకు
దీపావళి రాత్రి నాసా తీసిన భారతదేశం అని రంగురంగుల ఫొటో తిరుగుతుంది చూడండి, అది కూడా ఇలాంటిదే. ఫొటో నకిలీ కాదు, దీపావళిదీ కాదు. ఏళ్ల తరబడి అమెరికా వాతావరణ ఉపగ్రహాలు చూసిన ఊళ్ల దీపాలని ఒకదాని మీద ఒకటి పేర్చారు. 1992కి ముందున్న వెలుగు తెలుపు, 1992లో కొత్తగా వచ్చింది నీలం, 1998 పచ్చ, 2003 ఎరుపు. ఊళ్లు ఎలా పెరిగాయో చూపించే బొమ్మ అది. నాకైతే టపాకాయల కన్నా అదే బాగుంది. తర్వాత నాసా 2012 దీపావళికి నిజంగానే రాత్రి ఫొటో ఒకటి పెట్టి, పండగ వల్ల పెరిగే వెలుగు పైనుంచి పెద్దగా తెలియదని చెప్పింది కూడా.

రాగితీగ
అందరూ బాబాయిల మీద పడ్డారు. నా సంగతి చెబుతా.

2023 జులై చివర్న ఎల్‌కే-99 గుర్తుందా? మామూలు గది వేడిలోనే కరెంటుకి అడ్డు లేకుండా పనిచేసే అతివాహకం దొరికిందని కొరియా నుంచి ఒక పేపరు. ఇంకా ఏ పత్రికా సరిచూడని ప్రతి. నేను ఎలక్ట్రికల్ ఇంజినీర్ని, పేపరు మొత్తం చదివా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా కాలేజీ గ్రూపు, ఆఫీసు గ్రూపు, అపార్టుమెంటు గ్రూపు, అన్నింట్లో పెట్టా. 'లైన్ లాసులు (తీగల్లో వృథా అయ్యే కరెంటు) ఇక చరిత్ర' అని కూడా రాశా. మూడు వారాలు తిరక్కుండానే ఎక్కడికక్కడ తేల్చేశారు. ఢిల్లీలో మన నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్లు కూడా తయారు చేసి చూసి అతివాహకం కాదన్నారు. ఆ రాయిలో కలిసిపోయిన కాపర్ సల్ఫైడ్ 104 డిగ్రీల దగ్గర గుణం మార్చుకుంటుంది, అక్కడ కరెంటుకి నిరోధం పడిపోతే అదేదో అద్భుతం అనుకున్నారు.

కాదని తేలిన వార్త నేను ఏ గ్రూపులో పెట్టానంటారా? ఒక్క దాంట్లోనూ పెట్టలేదు. ఇప్పటికీ లిఫ్టులో మూడో అంతస్తు పెద్దాయన 'ఏం బాబూ, ఆ కరెంటు రాయి ఎప్పుడొస్తుంది' అంటాడు. 'పనులు జరుగుతున్నాయండీ' అంటా.

సున్నాకిసున్న
రాగితీగా, పెద్దాయనకి ఇవాళైనా చెప్పు. ఎన్ని అంతస్తులేంటి మీది, అంతసేపు తప్పించుకుంటున్నావ్.

రాగితీగ
ఐదు. మెట్లెక్కుతున్నా ఈ మధ్య.

పసుపుకొమ్ము
అసలు విషయం ఎవరూ అడగలేదు. గోదారిగట్టూ, నువ్వు పెట్టేవి ఏ భాషలో ఉంటున్నాయి?

గోదారిగట్టు
ఇంగ్లీషు లింకులేనండీ. పైన 'ఆసక్తికరం' అని రాస్తా.

పసుపుకొమ్ము
దొరికింది దొంగ. బాబాయి వీడియోలో తెలుగు, పసుపు, ఇంట్లో రోకలి ఉన్నాయి. నీ దాంట్లో నీలం రంగు లింకు, నొక్కితే కుకీలు ఒప్పుకుంటారా లేదా అని అడిగే పేజీ. మా అత్తగారు దాన్ని చూసి బ్యాంకు మోసం అనుకుని ఫోనే ఆపేసింది.

నేను లింకు పెట్టను. తెలుగులో నాలుగు వాక్యాలు రాస్తా, లేదంటే నలభై సెకన్ల వాయిస్ పెడతా. చూపు ఆనని వాళ్లు వింటారు. ఎవరైనా అడిగితేనే లింకు.

కొబ్బరాకు
తెలుగులో రాయడం చెప్పినంత తేలిక కాదు. మాటలెక్కడివి? 'కృష్ణబిలం' అని రాశానండీ ఒకసారి. మా నానమ్మ చదివి రెండు చేతులూ జోడించింది. ద్వారక దగ్గరా అని అడిగింది.

డల్లాస్‌మామ
బ్లాక్ హోల్ అని రాస్తే పోయేది. టీవీ, కరెంటు, రైలు అనట్లేదా.

పసుపుకొమ్ము
రెండూ రాస్తా నేను. మొదటిసారి 'బ్లాక్ హోల్, అంటే వెలుతురు కూడా బయటికి రాలేనంత బరువు కుక్కిన చోటు', ఆ తర్వాత ఏదో ఒకటి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, వస్తువు కళ్లకి కట్టాలి. నానమ్మ దండం పెడితే పెట్టనీ, ద్వారక దగ్గర కాదని చెప్పే వంకతో ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు.

రిటైర్డ్‌లెక్కలు
తెలుగులో రాసేటప్పుడు ఒక జాగ్రత్త. చంద్రయాన్-3 దక్షిణ ధ్రువం మీద దిగిందని మా పిల్లల పుస్తకాల దగ్గర్నుంచి అందరూ రాసేశారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కి అది దిగింది 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటాక. ధ్రువానికి ఇంకా 600 కిలోమీటర్ల పైనే దూరం. 'ధ్రువం వైపు, అప్పటిదాకా ఎవరూ దిగనంత దగ్గరగా' అంటే సరిపోతుంది, గొప్పతనం ఏమీ తగ్గదు.

పుల్లట్టు
మాస్టారు రిటైరయ్యారు గానీ ఎర్ర సిరా రిటైరవలేదు.

ల్యాబ్‌కోటు
ఆలస్యంగా వచ్చా, డ్యూటీలో ఉన్నా. ఆసుపత్రి ల్యాబులో పని నాది. గోదారిగట్టుకి పనికొచ్చేది ఒకటి చెప్తా.

మన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు మీద ఒక ఫార్వర్డు వస్తుంది, మీ అందరికీ వచ్చే ఉంటుంది. 'ఏటీపీని ఒక్కడే కనిపెట్టాడు, తెల్లవాళ్లు నోబెల్ కొట్టేశారు' అని. ఏటీపీ అంటే ఒంట్లో కణాలకి శక్తినిచ్చే పదార్థం. ఆ పని హార్వర్డ్‌లో ఫిస్క్ అనే ఆయన, సుబ్బారావు కలిసి చేశారు. అదే 1929లో జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనిపెట్టాడు. ఒక్కడే అనడం అబద్ధం. నాకు బాధేంటంటే ఆ అబద్ధం కోసం అంతకన్నా మంచి నిజాన్ని వదిలేస్తున్నారు.

రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో చూసే పద్ధతికి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరు, 1925 నాటిది. నేను డిప్లొమాలో చేతులతో చేశా. గొట్టంలో నీలం రంగు తేలుతుంది, ఎంత ముదురు నీలమైతే అంత ఫాస్ఫరస్. మా మేడమ్ 'ఈయనది భీమవరం' అనగానే క్లాసంతా గొట్టాలు వదిలేసి తలెత్తింది.

అసలు సంగతి ఇది కూడా కాదు. మీ ఊళ్లలో ఏటా ఆశా కార్యకర్త ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడి మింగించే బోదకాలు మాత్రలు ఉన్నాయి చూడండి. వాటి పేరు డీఈసీ. ఆ మందు 1940ల్లో అమెరికాలో లెడర్లీ కంపెనీ నుంచి వచ్చింది. అప్పుడక్కడ పరిశోధనంతా నడిపిస్తున్నది సుబ్బారావే. 1922లో అమెరికా వెళ్లి, 1948లో అక్కడే పోయారు, తిరిగి రాలేదు. మనిషి రాలేదు గానీ ఆ మాత్ర మాత్రం కోస్తా ఊళ్లలో గుమ్మం గుమ్మానికీ వచ్చింది.

ఇంకోటి. బోదకాలు పరీక్షకి రక్తం రాత్రిపూటే తీస్తారు. ఆ జబ్బు తెచ్చే సన్నటి పురుగు పిల్లలు పగలు లోపల ఊపిరితిత్తుల్లో దాక్కుని, జబ్బుని మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళకి పైకి వస్తాయి. దోమ టైముకి అవి డ్యూటీ ఎక్కుతాయి. మీ బాబాయి వయసు వాళ్లని అడుగు, రాత్రిళ్లు రక్తం తీసేవాళ్లు ఊళ్లోకి రావడం గుర్తుంటుంది.

ఓరుగల్లు_రమ
గిది పెట్టు గోదారిగట్టు. ఇంట్ల మనిషి కథ లెక్కున్నది.

సున్నాకిసున్న
పెట్టేటప్పుడు రెండేళ్ల లోపు పిల్లలకీ గర్భిణులకీ ఆ మాత్రలు ఇవ్వరని కూడా రాయి. మా గ్రూపులో ఎవరో ఒకరు వెంటనే పాపకి వేసేస్తారు.

గోదారిగట్టు
వారం తర్వాత వచ్చా. చెప్పాల్సింది ఉంది.

ముందు బాబాయికి ఫోన్ చేశా. క్షమాపణ లాంటిది చెప్పి, 'బాబాయ్, చిన్నప్పుడు రాత్రిళ్లు రక్తం తీసేవాళ్లు వచ్చేవారా మన ఊళ్లోకి' అని అడిగా. అంతే. అరగంట వదల్లేదు. పెట్రోమాక్స్ లైటు పట్టుకుని ఇద్దరొచ్చేవారట. పిల్లలంతా ధాన్యం గాదె వెనక దాక్కునేవారట. నిద్రలో ఉన్నవాడిని లేపి వేలు పొడిచేవారట. మా తాతమ్మకి ఎడమ కాలు బోద అని, ఆవిడ ఫొటోలన్నీ కూర్చుని తీయించుకున్నవే అని నాకు ఇప్పుడే తెలిసింది.

'ఇదంతా నువ్వే గ్రూపులో చెప్పు బాబాయ్, మందు సంగతి కింద నేను రాస్తా' అన్నా. ఆయన ఆరు నిమిషాల వాయిస్ పెట్టాడు. కింద నేను తెలుగులో ఎనిమిది లైన్లు, భీమవరం, రాత్రి దోమ, మాత్ర, సున్నాకిసున్న చెప్పిన జాగ్రత్త, అన్నీ. లింకు పెట్టలేదు. 31 మంది మాట్లాడారు. దండాలు కాదు, మాటలు. మా పెద్దత్త కొడుకు 'నేను ఏటా ఆ మాత్ర తీసుకుని పెరట్లో పారేస్తున్నా' అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఇద్దరు లింకు అడిగారు.

పుల్లట్టు
అత్తయ్య ఏ బొమ్మ పెట్టింది?

గోదారిగట్టు
అదే. ఈసారి నిజంగానే ఏడ్చిందని అమ్మ చెప్పింది. తాతమ్మని బాగా ఎరిగిన మనిషి.

రాగితీగ
నేనూ చెప్పేశా మూడో అంతస్తు పెద్దాయనకి. 'నాకు అప్పుడే తెలుసు బాబూ, నువ్వెప్పుడు చెబుతావా అని అడుగుతున్నా' అన్నాడు.

రాత్రిడ్యూటీ
రెండేళ్లు మెట్లెక్కించాడా! ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలి.

గోదారిగట్టు
అయితే ఒక చిక్కు. ఈ ఉదయం బాబాయి కొత్తది పెట్టాడు. 'సుబ్బారావు గారికి మూడుసార్లు నోబెల్ ఇస్తామంటే తిరస్కరించారు, నాసా ధ్రువీకరణ' అని. అప్పుడే 22 దండాలు.

ఓరుగల్లు_రమ
ఫోన్ చెయ్యి మల్ల.